రేపు సారు

ఏమే, వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, టీ చల్లారిపోతోంది గానీ నువ్వు ముట్టుకోవట్లేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే నాకెలా తెలుస్తుంది ఏమైందో? ఊఁ... ఊఁ... అదా సంగతి. కంప్యూటర్ల గది అద్దాలు పగిలాయి, ఎవరో ఒక పిల్లాడి పేరు చెప్పారు, వాణ్ణి బడి నుంచి తీసెయ్యమని కమిటీ వాళ్ళు నీ పీక మీద కూర్చున్నారు. సాయంత్రం లోపు ఫోన్ చేస్తామన్నారా? చేస్తారు చేస్తారు, అలాంటి పనికైతే వాళ్ళకి బోలెడంత తీరిక. పిల్లాడేమంటున్నాడు? నేను కాదంటున్నాడా. చేసినవాడూ ఆ మాటే అంటాడు, చెయ్యనివాడూ ఆ మాటే అంటాడు, మరి చిక్కంతా అక్కడే కదా. నన్నడిగితే ఏం చెప్పనమ్మా. నేను కుట్లు నేర్పినదాన్ని. ఆడపిల్లలకి బొత్తాం కాజా కుట్టడం చెప్పగలను గానీ బడి నడపడం నాకేం తెలుసు. నువ్వు కూర్చునే కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చున్న మనిషిని మాత్రం చూశాను. నీ గదిలో గోడ మీద ఫొటో ఉంటుంది చూడు, కళ్ళజోడు కాస్త పక్కకి ఒరిగి... ఆ, ఆయనే. ఫొటో తీసినవాడి తప్పు కాదు, ఆయన కళ్ళజోడు ఎప్పుడూ అలాగే ఉండేది. సర్దుకోండి సార్ అంటే సర్దుకునేవారు, మళ్ళీ ఒరిగిపోయేది.

ఎదురుగా అందరం పెద్దసారు అనేవాళ్ళం. వెనకాల మాత్రం రేపు సారు. ఊరంతా అదే పేరు, కూరలమ్మే ఆవిడ నోట కూడా అదే పేరు. లెక్కలు చెప్పడానికి వచ్చారట మొదట్లో, నేను ఉద్యోగంలో చేరక చాలా ముందు మాట. అప్పటి హెడ్మాస్టరు జబ్బుపడితే, కొన్నాళ్ళు నువ్వు చూసుకోవయ్యా అని ఈయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కొన్నాళ్ళే ముప్ఫయ్యేళ్ళకి పైగా సాగాయి. అప్పటికి బడి అంటే ఏముంది, ఒక వరస గదులు, వెనకాల ముళ్ళకంప. పై అంతస్తు ఆయన హయాంలోనే లేచింది, సైన్సు గది ఆయన హయాంలోనే, ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి కావాలని కమిటీ వాళ్ళ ఇళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది కూడా ఆయనే. అవన్నీ ఎవరికీ గుర్తుండవు. రేపు అన్న మాటే గుర్తు. ఎందుకంటే ఎవరు ఏ ఫిర్యాదుతో వెళ్ళినా ఆయన పద్ధతి ఒక్కటే. ముందు కూర్చోమనేవారు. మంచినీళ్ళు తెప్పించేవారు. చెప్పిందంతా వినేవారు, మధ్యలో ఒక్క మాట అడ్డం వచ్చేది కాదు. అంతా అయ్యాక చేతులు రెండూ బల్ల మీద పెట్టి, "విన్నానండి. రేపు చెబుతాను" అనేవారు. అంతే. ఇంక నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా ఆ రోజుకి ఆయన నోట మరో మాట రాదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. నా సంగతి నీకు తెలుసుగా, కోపం ముక్కు మీదుంటుంది, అప్పుడు ఇంకా వయసులో ఉన్నదాన్ని. నా కత్తెర్లు ఎవరో తీసుకెళ్ళి కాగితాలు కత్తిరించి మొండి చేశారని నేను ఒంటికాలి మీద లేచి వెళితే, మంచినీళ్ళిచ్చి, "విన్నానమ్మా. రేపు చెబుతాను." కత్తెరకి కూడా రేపేనా సార్ అన్నాను. నవ్వారు. బయటికొచ్చి స్టాఫ్ రూములో ఆయన్ని అనుకరించి అందర్నీ నవ్వించాను. కానీ ఒకటి చెప్పుకోవాలి, రేపు అంటే రేపే. మర్నాడు మనం మర్చిపోయినా ఆయన మర్చిపోరు, పిలిపించి మరీ చెప్పేవారు. ఒకసారి బట్టల కొట్టు ఆసామి వచ్చాడు, మా అమ్మాయిని సోషల్ టీచరు నలుగురిలో దొంగ అంది, ఆవిణ్ణి ఈ క్షణం పంపించెయ్యాలి అని బల్ల గుద్దాడు. బల్ల మీద గ్లాసు దొర్లింది కూడా. సారు గ్లాసు నిలబెట్టి, మళ్ళీ నీళ్ళు పోయించి, "రేపు చెబుతానండి." ఆ ఆసామి తిట్టుకుంటూ వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ ఆయనే వచ్చాడు, ఈసారి నీళ్ళు నములుతూ. ఇంటికెళ్ళి అడిగితే పిల్ల పక్కమ్మాయి పెన్ను తీసిన మాట నిజమేనట. లెక్కల మాస్టారూ సైన్సు మాస్టారూ బీరువా నాదంటే నాదని చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు ఒకసారి. మర్నాడు సారు పిలిపించేసరికి ఇద్దరూ కలిసి టీ తాగుతున్నారు, ఏ బీరువా సార్ అన్నారు. ఆయన భార్య, పెద్దమ్మగారు అనేవాళ్ళం, భలే సరదా మనిషిలే, "మా పెళ్ళి మాటలప్పుడు పిల్ల నచ్చిందా అబ్బాయ్ అని మా నాన్న అడిగితే, రేపు చెబుతానన్నాడే ఈయన. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు" అని చెప్పి చెప్పి నవ్వేది. పక్కనే ఈయన తల దించుకుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేవారు.

అలాగని ఊరికే కూర్చునేవారు కాదు. ఫిర్యాదు వచ్చిన సాయంత్రమే గొడుగు పట్టుకుని ఆ పిల్లలుండే వీధిలో ఓ చుట్టు చుట్టి వచ్చేవారు, ఎవర్నీ ఏమీ అడక్కుండా. పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవారు. "పిల్లలు లోపలికొచ్చే తీరు చూస్తే సగం తెలిసిపోతుందమ్మా. మిగతా సగం వాళ్ళే చెప్పేస్తారు, మనం అరవకుండా ఉంటే" అనేవారు. సరే... ఎక్కడున్నాను? ఆ, కప్పు. కప్పు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదానికి తలా తోకా ఉండదు.

వానలు పడుతున్న రోజులు. ఆరో తరగతి గదిలో పైనించి సున్నం రాలుతోందని మన గంట కొట్టే ఆయన వచ్చి చెప్పాడు. వెనకాలే సోషల్ టీచరూ వచ్చింది, బల్లల మీద ఇసక పడుతోంది సార్ అని. సారు విన్నారు. మామూలుగానే విన్నారు, చేతులు బల్ల మీద పెట్టి. "రేపు మేస్త్రీని పిలిపిస్తాను." మాకెవరికీ అది తప్పుగా అనిపించలేదు, నాతో సహా. అలవాటైన మాట కదా. మర్నాడు మేస్త్రీ వస్తూనే ఉన్నాడు పాపం, దారిలో ఉన్నాడు. మొదటి పీరియడ్ ఇంకా అవ్వలేదు. నేను పై గదిలో ఉన్నాను, కాళ్ళ కింద నేల అదిరింది. కిందకి పరిగెత్తేసరికి వరండా అంతా దుమ్ము, పిల్లలు దగ్గుతూ బయటికొస్తున్నారు, ఒక మూల పెచ్చు అమాంతం ఊడి కింద పడింది. అందరూ బయటపడ్డారు, ఒక పిల్ల తప్ప. పాదం మీద పడింది ఆ పిల్లకి. సారు ఎప్పుడెళ్ళారో లోపలికి, ఆ పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చారు, కళ్ళజోడు లేదు, తెల్ల చొక్కా అంతా... సరేలే. మన వీధి చివర మందుల షాపులో కూర్చుంటుంది చూడు, కౌంటర్ పట్టుకుని మెల్లగా కుంటుతూ వచ్చి మందులిస్తుంది. ఆవిడే. ఎలా కుంటు వచ్చిందో నీకెప్పుడూ చెప్పి ఉండదు. ఎవరికీ చెప్పదు.

ఆ తర్వాత రేపు అన్న మాట ఆయన నోట వినలేదమ్మా. ఆస్పత్రి వరండాలోనే కూర్చుండిపోయేవారు, బడి అయ్యాక రోజూ. మిగతా గదులన్నిటికీ కప్పు కింద దన్నుగా దుంగలు నిలబెట్టించారు, గదులు బాగుచేసే దాకా. ఏ మాటైనా ఆ పూటే. అడిగిన నోట ఇంకా మాట పూర్తవ్వకుండానే జవాబు. మంచినీళ్ళు తెప్పించడం కూడా మానేశారు. కమిటీ వాళ్ళు మురిసిపోయారు, ఇప్పుడు కదండీ హెడ్మాస్టరంటే అని. స్టాఫ్ రూములో మేమూ అనుకున్నాం, ఇన్నాళ్ళకి మనిషి దారిలోకొచ్చాడని. పెద్దమ్మగారు ఒక్కతే నవ్వడం మానేసింది. "నిద్ర పోవట్లేదే ఆయన. పడుకుని కప్పు వైపు చూస్తూ ఉంటాడు" అంది నాతో.

ఇప్పుడు మీ నాన్న విషయం. చూడు, నాకు చదువు ఎక్కలేదమ్మా, అందుకే లేతు మిషను పట్టుకున్నా అంటాడు కదా మీ నాన్న నీతో? అబద్ధం. వాడు క్లాసులో ఫస్టు. నేను పాఠం చెప్పే బడిలోనే వాడు పదో తరగతి. మధ్యాహ్నం బంతి దొర్లుకుంటూ ఆ దుంగలున్న గదిలోకి వెళ్ళింది, వీడు దాని కోసం వెళ్ళాడు. అప్పటికే ఒక దుంగ తీసి పక్కన పడేసి ఉంది. డ్రిల్లు మాస్టారు కిటికీలోంచి చూశాడు, గదిలో వీడు, నేల మీద దుంగ. ఇంకేముంది, మెడ పట్టుకుని సారు గదికి ఈడ్చుకెళ్ళాడు. "కప్పు కింద దుంగ లాగేశాడు సార్ వీడు." ఆ మాట వినగానే సారు మొహం తెల్లగా పాలిపోయిందట. నేను ముట్టుకోలేదు సార్, బంతి కోసం వెళ్ళాను అని వీడంటూనే ఉన్నాడు. ఎవరు వింటారు? "ఈ బడిలో నీకింక చోటు లేదు. ఇప్పుడే వెళ్ళిపో." గంట మోగేలోపు కాగితం చేతిలో పెట్టి గేటు బయటికి పంపించేశారు. నాకెవరో వచ్చి చెబితే చేతిలో గుడ్డ అక్కడే పారేసి పరిగెత్తాను. సార్, నా తమ్ముడని కాదు, రేపటిదాకా ఆగండి సార్, మీరే కదా ఎప్పుడూ... అన్నాను. చూడు, నేను. ఆయన రేపుని వెక్కిరించి అందర్నీ నవ్వించినదాన్ని. ఆయన నా వైపు కూడా చూడలేదు. "అమ్మా, రేపటిదాకా ఆగే ఒక పిల్ల కాలు పోగొట్టాను" అన్నారు. తిరిగొచ్చేశాను.

మర్నాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు, ఒక పొడుగాటి దుంగ మోయించుకుని. నిన్నటిది పొట్టిదయిందండీ, కప్పుకి ఆనట్లేదు, అందుకే తీసి పక్కన పెట్టి ఇది తేవడానికెళ్ళాను అన్నాడు. అంత తాపీగా అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సారు గొడుగు కూడా తీసుకోలేదు, గేటు దాటి నడుచుకుంటూ మా ఇంటికొచ్చారు, వెనకాల నేను. మా అమ్మ, అదే, మీ నానమ్మ, కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. "తప్పు నాది తల్లీ. మీవాణ్ణి బడికి పంపండి" అన్నారు చేతులు జోడించి. అంత పెద్దమనిషి చేతులు జోడిస్తే మా అమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. వీడు మేడ మెట్ల మీద కూర్చున్నాడు, దిగడు. నేను వెళ్ళి బతిమాలాను. వాడేమన్నాడో తెలుసా? పదిహేనేళ్ళవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా, కింద ఆయనకి వినపడేలా, "రేపు చెబుతానని చెప్పక్కా."

చెంప మీద కొట్టినట్టయింది నాకు. సారు మాత్రం తల ఊపారు. "సరే. రేపు వస్తాను" అన్నారు. వచ్చారు. మళ్ళీ అదే జవాబు. ఆ మర్నాడూ వచ్చారు. బడి అయ్యాక ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి మా ఇంటికి, అదీ ఆయన దారి. మా వరండాలో స్టూలు మీద కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మెట్ల వైపు చూసి, "ఏమంటావు బాబూ?" అనేవారు. పైనించి, "రేపు చెబుతాను." వీధి వీధంతా నవ్వింది. హెడ్మాస్టరై ఉండి ఒక కుర్రాడి గుమ్మంలో ఈ పడిగాపులేంటండీ అని కమిటీ వాళ్ళు కూడా చిరాకుపడ్డారు. మా అమ్మ వీడి చెవి మెలిపెట్టింది, నేను తిట్టాను, ఏడ్చాను. ఊహూ. పరీక్షలు వచ్చాయి, వెళ్ళిపోయాయి. మొండితనం మా ఇంటి సొత్తు, నీకూ వచ్చిందిగా. వీడు ఇనుము చెక్కే లేతు మిషను షాపులో చేరిపోయాడు. సారు ఆ షాపుకి రావడం మొదలెట్టారు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం. ఏళ్ళు గడిచాయమ్మా. సారు రిటైరయ్యారు, పెద్దమ్మగారు పోయింది, మీ నాన్న సొంత షాపు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రాలు మాత్రం ఆగలేదు. రోజూ కాదులే, మోకాళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటే అంత. మిషను పక్కన ఖాళీ డ్రమ్ము మీద కూర్చునేవారు. ఏవో కబుర్లు. ఇనుము గురించి, వాన గురించి, ఏ పాత విద్యార్థి ఎక్కడున్నాడో దాని గురించి. మీ నాన్న పని చేసుకుంటూనే వినేవాడు. ఆయన కళ్ళజోడు పుల్ల వంకర సరిచేసి ఇచ్చాడు ఒకసారి, మళ్ళీ ఒరిగిందనుకో. నాతో ఓ రోజు అన్నారు ఆయన, అక్కడే, ఆ డ్రమ్ము మీద కూర్చుని, "కప్పు పడిపోయేటప్పుడు రేపు అనకూడదమ్మా. పిల్లాడి విషయంలో అనాలి. నేను రెండూ తారుమారు చేశాను." అంత మెల్లగా అన్నారు, మిషను చప్పుడులో సగం వినపడలేదు. వెళ్ళేముందు లేచి, గొడుగు అందుకుని, "ఏమంటావు బాబూ?" అనేవారు. మీ నాన్న చేతులు తుడుచుకుంటూ, "రేపు చెబుతాను సార్." అప్పటికి ఆ మాటలో కారం లేదు. ఇద్దరూ నవ్వేవాళ్ళు కూడా.

నేనే ఉండబట్టలేక అడిగాను. ఒరే, ఆయనకి వయసైపోతోంది, కోపం లేదు సార్ అని ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుందిరా, ఎప్పుడో పోయింది కదా నీ కోపం అని. మీ నాన్న మిషను ఆపాడు. "చెప్పేస్తే ఇంక ఆయన రారు కదక్కా" అన్నాడు.

మనకి నాన్న చిన్నప్పుడే పోయాడు కదమ్మా... అంటే, మాకు. వీడికి ఆయన మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. నాకు ఆ రోజు గానీ అర్థం కాలేదు.

ఆ తర్వాత ఓ సాయంత్రం సారు రాలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాడు మీ నాన్న. మర్నాడూ రాలేదు. మీ నాన్న మిషను ఆపి, షట్టరు కూడా దించకుండా, ఆ నూనె చేతులతోనే ఆయన ఇంటికి నడిచాడు. వీధి మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు జనం. లోపలికెళ్ళాడో లేదో నాకు తెలీదు. ఎప్పుడడిగినా చెప్పలేదు. ఆ ఖాళీ డ్రమ్ము ఇప్పటికీ షాపులో ఉంది, దాని మీద ఏ సామానూ పెట్టనివ్వడు, చూశావా ఎప్పుడైనా? నీ బడి గేటు కూడా మీ నాన్న చేసిందే, తెలుసా. బిగించడానికి మాత్రం పనివాళ్ళని పంపించాడు. నువ్వు ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు పొద్దున నీ వెనకాలే గేటు దాకా వచ్చాడు, నీకు తెలీదు, నేను చూశాను. ఇనప చువ్వ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అదుగో, నీ ఫోను. వాళ్ళేనా? తియ్యి మరి, ఎంతసేపు మోగనిస్తావు. నా వైపు చూస్తావేం, నాకేం తెలుసని. అద్దాలే కదా పగిలింది, కప్పు కాదుగా... మాట్లాడు, మాట్లాడు, నేను ఊరుకుంటాను.

...

ఏమన్నావే? వాళ్ళేమన్నారు? అరుస్తున్నారా, అరవనీ. నువ్వేమన్నావు, అది చెప్పు. మళ్ళీ అను. నాకు చెవులు సరిగ్గా... ఏరా, నువ్వెప్పుడొచ్చావు? చెప్పులైనా విప్పకుండా అలా గుమ్మంలో నిలబడిపోయావేం. ఏం లేదు, నీ కూతురు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. రా, కూర్చో. ఆ టీ ఎలాగూ చల్లారిపోయింది, ముగ్గురికీ మళ్ళీ పెడతాను.